ఫ్రిజ్‌లో ఒటీలియ

గీకుతున్న చప్పుడు మొదట విన్నప్పుడు అది నా తలలోనే పుడుతోందనుకున్నాను. పని మీద మనసు నిలవనప్పుడు నాకు అలాంటివి వినిపిస్తాయి. వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని ఒక గడ్డికోత యంత్రం వాడకం పుస్తకాన్ని అనువదిస్తున్నాను. "బ్లేడు పూర్తిగా ఆగేవరకు చెయ్యి పెట్టరాదు" అన్న చోట ఆగాను. మళ్లీ అదే చప్పుడు. అట్టపెట్టెను ఎవరో గోటితో నెమ్మదిగా, పట్టుదలగా గీకుతున్నట్టు. కిటికీ కింద ఉన్న చిన్న ఫ్రిజ్‌లోంచి వస్తోంది.

ఆ ఫ్రిజ్‌లో పాలూ వెన్నా ఉండవు. అందులో ఒటీలియ నిద్రపోతోంది. ఒటీలియ నా తమ్ముడు టామో పెంచుకుంటున్న తాబేలు. ఇక్కడ తాబేళ్లు పెంచేవాళ్లందరూ నవంబరు రాగానే వాటిని మట్టీ ఎండుటాకులూ నింపిన పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ఫ్రిజ్‌లో పెట్టి, వసంతం దాకా నిద్రపుచ్చుతారు. బయటి చలికాలాన్ని ఇప్పుడు నమ్మడానికి లేదు. ఓ వారం మంచు, ఓ వారం ఎండ.

టామో హార్జ్ కొండల్లోని చికిత్సా కేంద్రానికి వెళ్తూ ఇంటి తాళాలు నా చేతిలో పెట్టాడు. తాగుడు మాన్పించే కేంద్రం. ఇది మూడోసారి. మొదటి వారాల్లో వాడు ఫోన్ చేయకూడదు, మేం చేయకూడదు. అక్కడి పద్ధతి అది.

"నువ్వేం చెయ్యక్కర్లేదక్కా. అది పడుకునుంటుంది. నువ్వు ఊరికే ఉంటే చాలు," అన్నాడు. తలుపు దాకా వెళ్లి, సంచీ భుజం మార్చుకుని, "తిరిగొచ్చేసరికి అది లేకపోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నిజం చెప్పేటప్పుడే వాడు నవ్వుతాడు.

అందుకని హాంబుర్గ్‌లో నా ఇల్లు వదిలి, ఓల్డెన్‌బుర్గ్‌లో వాడి రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. ఒక తాబేలు నిద్రకు కాపలాగా. ఊరికే ఉండటం అనే పని నాకు ఎప్పుడూ చేతకాదని వాడికి తెలియదనుకోను.

ఫ్రిజ్ తలుపు తెరిచాను. పెట్టెలో ఆకులు కదులుతున్నాయి. పొలుసుల ముందుకాలు ఒకటి పెట్టె గోడ మీద పైకీ కిందికీ పోతోంది. కళ్లు మాత్రం మూసే ఉన్నాయి. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కళ్లు మూసుకుని చేతులాడించే మనిషిని ఆ ఇంట్లోనే, ఆ వంటింట్లోనే ఒకసారి చూశాను. తలుపు మూసేశాను. రెండు నిమిషాలకు మళ్లీ తెరిచాను.

దగ్గర్లోని పశువైద్యుడికి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి, "మేం కుక్కలూ పిల్లులూ మాత్రమే చూస్తామండీ. తాబేళ్ల డాక్టరు సెలవులో ఉన్నారు. అయినా ఈ చలిలో దాన్ని బయట తిప్పకండి," అంది. ఇంకెవరిని అడగాలి అంటే, "ఇంటర్నెట్లో అన్నీ ఉంటాయి కదా," అంది.

అన్నీ ఉన్నాయి. తాబేళ్లవాళ్లకు ఒక ఫోరం ఉంది. కవచమిత్రులు దాని పేరు. వేలమంది సభ్యులు, పదిహేనేళ్ల చర్చలు. నేను పుట్టి బుద్ధెరిగి ఏ ఫోరంలోనూ చేరలేదు. ఎవరూ నన్ను చూడని చోట కూర్చుని వాక్యాలు సరిచేసుకునే బతుకు నాది. అయినా పేరు నమోదు చేసుకుని రాశాను. శీర్షిక: దయచేసి సాయం చేయండి!!!

జవాబు వెంటనే వచ్చింది. గుండె తేలికపడింది. ఎవరో ఉన్నారు. తెరిచి చూస్తే చిన్న తాళంకప్ప బొమ్మ, దాని కింద రెండు వరుసలు. "శీర్షికలో విషయం తెలియడం లేదు. ఆశ్చర్యార్థకం ఒకటికి మించరాదు. చర్చ మూసివేయబడింది. ఒ_బ్రింక్, మోడరేటర్."

సరే, తప్పు నాదే అనుకున్నాను. నియమం ఎక్కడుంటే అక్కడ తప్పు నాదే అనుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. శీర్షిక మార్చి ఆరోగ్య విభాగంలో పెట్టాను. "నిద్రాకాలపు ప్రశ్నలు నిద్రాకాల విభాగంలో అడగాలి. మూసివేయబడింది." నిద్రాకాల విభాగంలో పెట్టాను. "కొత్త సభ్యులు ముందుగా తమను పరిచయం చేసుకోవాలి. మర్యాద అనేది ఒకటుంది. మూసివేయబడింది." మూడు తాళంకప్పలు. ఫ్రిజ్‌లో గీకుడు ఆగలేదు. ఆ చప్పుడుకీ ఈ మూసివేతలకీ మధ్య నేను కుర్చీలోంచి లేవడం, తలుపు తెరవడం, మూయడం, కూర్చోవడం. ఎవరైనా చూస్తే నాకు పిచ్చనుకునేవాళ్లు.

పరిచయ విభాగంలో రాశాను: నా పేరు ఇంకెన్, అనువాదకురాలిని, ఒకరి తాబేలును చూసుకుంటున్నాను. తమ్ముడిది అని రాయలేదు. ఎందుకు రాయలేదో అప్పుడు నన్ను నేను అడగలేదు. క్షణాల్లో ఏడుగురు స్వాగతం పలికారు. కేకు బొమ్మలు, పూల బొమ్మలు, టోపీ పెట్టుకున్న తాబేలు బొమ్మ.

పచ్చగడ్డి_పెట్రా అనే ఆవిడ, "హాయ్ ఇంకెన్! మన గుంపులోకి వచ్చేశావు, ఇక బయటపడలేవు! నీ చిట్టితల్లి పేరేంటి?" అని అడిగింది.

"ఒటీలియ," అని రాశాను. "థాంక్స్. ఒటీలియ ఫ్రిజ్‌లో గీకుతోంది. నేనేం చెయ్యాలి?"

పెట్రా జవాబు రాస్తున్నట్టు తెర మీద మూడు చుక్కలు కదిలాయి. ఆ చుక్కలనే చూస్తూ కూర్చున్నాను. చుక్కలు ఆగిపోయాయి. తాళంకప్ప వచ్చింది. "పరిచయాల్లో ప్రశ్నలు అడగరాదు."

నేను కంప్యూటరుతో పైకి మాట్లాడాను. ఏమన్నానో ఇక్కడ రాయను. పక్కింట్లో రేడియో శబ్దం తగ్గింది.

తర్వాత, అన్ని చర్చలకూ పైన అతికించి ఉంచిన మూలపాఠాన్ని చదవడానికి కూర్చున్నాను. "అడిగే ముందు ఇది చదవండి." ముప్ఫై ఎనిమిది పేజీలు. పన్నెండో పేజీలో ఇద్దరు బీచ్ ఆకులు మంచివా ఓక్ ఆకులు మంచివా అని ఏళ్ల తరబడి పోట్లాడుకుంటున్నారు. అక్కడ వదిలేశాను. జంతువు బరువు, వయసు, ఆకుల రకం, ఫ్రిజ్ లోపలి వేడి రాయకపోతే ప్రశ్న చెల్లదని మాత్రం తెలిసింది. ఒటీలియను పైకి తీసి వంటింటి త్రాసులో తూచాను. నా అరచేతుల్లో దాని తల అటూ ఇటూ తిరిగింది. థర్మామీటరు తొమ్మిది డిగ్రీలు చూపించింది. ఎక్కువని చదివిన గుర్తు. మీట తిప్పాను. కాసేపటికి రెండు. రెండంటే గడ్డకట్టి చస్తుందేమో. మళ్లీ తిప్పాను. సాయంత్రం దాకా అదే పని. అన్ని వివరాలతో, ఒక్క ఆశ్చర్యార్థకం లేకుండా, సరైన విభాగంలో, ఇక ఎవరూ వేలెత్తి చూపలేనంత చక్కగా రాసి పెట్టాను.

పొద్దున లేచి చూస్తే నా పేరు పక్కన ఎర్రటి అక్షరాలు. శాశ్వత నిషేధం. దాని కింద:

"టామో, నీ ఒటీలియను మేం మరిచిపోలేదు. కనెక్షన్ కూడా మీ ఇంటిదే. ఇంకో పేరు పెట్టుకుని వస్తే గుర్తుపట్టలేం అనుకున్నావా? ఈ ఆటలు చాలించు. ఒ_బ్రింక్."

ముఖం మండిపోయింది. నలభై తొమ్మిదేళ్లలో ఎవరూ నన్ను టామో అనుకోలేదు. మా ఇంట్లో ఏది పగిలినా, ఏది కనబడకపోయినా, మా నాన్న కళ్లెత్తకుండానే "టామో!" అని కేకవేసేవాడు. నేను గదిలో ఉన్నా లేనట్టే. ఆ కేక నా పక్కనుంచి పోయి వాడికి తగిలేది. నాకు తగలకుండా పోయిన ప్రతిసారీ లోపల ఏదో చల్లగా కుదుటపడేది. ఇప్పుడది మొదటిసారి తిన్నగా వచ్చి నాకు తగిలింది.

జవాబు పెట్టెలో టైపు చేశాను: నేను టామోని కాదు. నేను వాడి అక్కను. నాకు ఉద్యోగం ఉంది, నేను ఎప్పుడూ... అక్కడ నా వేళ్లు ఆగాయి. నేను ఎప్పుడూ ఏమిటి? ఆ వాక్యం ఎటు పోతోందో చదువుకున్నాను. నేను వాడిలాంటిదాన్ని కాదు. ఎంత తొందరగా, ఎంత సులువుగా వచ్చేసింది! అది జవాబు కాదు, పరుగు. మొత్తం చెరిపేశాను. ఎలాగూ నిషేధం పడినవాళ్లు పంపించడానికి వీల్లేదని తర్వాత తెలిసింది.

ఫ్రిజ్‌లో ఒటీలియ గీకుతూనే ఉంది.

పేజీ అట్టడుగున, చట్టం కోరినట్టే, సన్న అక్షరాల్లో నిర్వాహకుడి పేరూ చిరునామా ఫోన్ నంబరూ ఉన్నాయి. ఒట్టోకార్ బ్రింక్‌మయర్, ఓస్నాబ్రుక్ దగ్గర ఏదో ఊరు. అక్కడి నంబరుకు ఫోన్ చేసేవాళ్లు ఎవరూ ఉండరు. అది చట్టం కోసం రాసేది, మనుషుల కోసం కాదు. నేను చేశాను.

"బ్రింక్‌మయర్." ముసలి గొంతు. నిద్రలోంచి లేచినట్టుంది.

"నమస్కారమండీ. నా పేరు ఇంకెన్..."

"టైమెంతయిందో చూశారా?"

"ఒకటిన్నర."

"ఒకటి నుంచి మూడు దాకా ఏంటి?"

నాకు చెవులు వేడెక్కాయి. "మధ్యాహ్నం విశ్రాంతి వేళ. క్షమించండి. కానీ..."

"మూడింటికి చెయ్యండి."

"మూడింటి దాకా ఆగలేనండీ. మీరు పొద్దున నన్ను నిషేధించారు."

"పొద్దున నేను చాలామందిని నిషేధించానమ్మా."

"ఒటీలియ," అన్నాను.

అవతల మంచం కిర్రుమంది. లేచి కూర్చున్నాడనుకుంటాను. ఫోరంలో అందరూ అందరినీ నువ్వే అంటారు. ఫోన్లో ఆయన మీరు అంటున్నాడు. ఆ మీరు కింద అనుమానం ఉంది.

"వాడు పక్కనే ఉన్నాడా? మీచేత మాట్లాడిస్తున్నాడా?"

"లేడండీ. నేను వాడి అక్కని."

"అక్క ఉందని వాడెప్పుడూ చెప్పలేదే."

అది ఎందుకంత గుచ్చుకుందో. "తమ్ముడున్నాడని నేనూ ఎవరికీ చెప్పుకోను," అనేశాను.

ఆయన దగ్గాడు. నవ్వాడేమో కూడా. "చూడండి, ఫోరం విషయాలు నేను ఫోన్లో మాట్లాడను. నిషేధం మీద అభ్యంతరం ఉంటే దానికో పద్ధతుంది. మోడరేటర్ల మండలికి రాసుకోవాలి."

"మండలిలో ఎంతమంది?"

"ఇద్దరం. రెండో ఆయన కానరీ దీవులకి పోయాడు. ఈస్టర్‌కి వస్తాడు."

"ఈస్టర్‌కా! అయ్యా, అది గీకుతోంది. నిన్నట్నుంచి గీకుతోంది. మిమ్మల్ని అన్ని విభాగాల్లోనూ అడిగాను. ప్రతిచోటా తాళం వేశారు. నాకు మీ తాళాలక్కర్లేదు. అది బతుకుతుందా లేదా చెప్పండి."

అవతలి గొంతు మారింది. అధికారి పోయి, తాబేళ్లు పెంచే మనిషి వచ్చాడు. "ఫోన్ దాని దగ్గర పెట్టండి, వింటాను. తలుపు తెరవకుండా!"

నా చెయ్యి అప్పటికే తలుపు తీసేసింది.

"తెరిచారు కదూ? రబ్బరు చప్పుడు వినిపించింది."

"తెరిచాను."

"ఇవాళ ఎన్నోసారి?"

తలుపు మూసేశాను.

"పది?"

"ఎక్కువే."

"మరి ఇంకెవరో లేపుతున్నట్టు నన్నడుగుతారేంటండీ! తీసిన ప్రతిసారీ దానికి వసంతం వచ్చేసింది. మూస్తే మళ్లీ చలికాలం. మీరు గంటగంటకీ రుతువులు మార్చేస్తుంటే అదెలా పడుకుంటుంది? మీట కూడా తిప్పి ఉంటారు."

"తిప్పాను."

"తూచి కూడా ఉంటారు."

"మీరే కదా బరువు రాయమన్నారు!" అని అరిచాను. "బరువు లేకపోతే ప్రశ్న చెల్లదన్నారు!"

ఆ క్షణంలో మాత్రం ఆయన్ని గెలిచాననిపించింది. గెలుపులో ఏ సుఖమూ లేదు.

"థర్మామీటరు ఎక్కడుంది?" అన్నాడు మెల్లగా.

"తలుపుకి తగిలించి ఉంది."

"తీసి పెట్టెలో ఆకుల మధ్య గుచ్చండి. తలుపు దగ్గర గాలి అబద్ధం చెప్తుంది. మీట మధ్యలో పెట్టండి. మూసేయండి. ఆదివారం దాకా ముట్టుకోకండి. వారానికోసారి, గాలి మారడానికి, ఒక్క నిమిషం. అంతే."

"గీకుతుంటే?"

"గీకనివ్వండి."

"గీకడం ఆగిపోతే? పడుకుందో చచ్చిపోయిందో నాకెలా తెలుస్తుంది?"

"తెలీదు. ఆదివారం తెలుస్తుంది. వెనక కాలు వేలితో తాకండి. లాక్కుంటే ఉన్నట్టు."

"ఇంతేనా?" అన్నాను. "ఈ నాలుగు మాటలు నిన్ననే రాసి ఉంటే ఏం పోయేదండీ మీకు?"

"రాసే ఉంది. మూలపాఠంలో."

"ముప్ఫై ఎనిమిది పేజీలు!"

"ముప్ఫై ఆరో పేజీలో. ఈ మాటలు నేను వెయ్యిసార్లు రాశానమ్మా. ప్రతి చలికాలం రాశాను. ప్రతివాళ్లకీ వాళ్ల తాబేలు ఒక్కటే గీకుతుంది. నాకు అన్నీ గీకుతాయి." ఆయన ముక్కు చీదుకున్నాడు. "నన్ను రాక్షసుడనుకుంటున్నారు కదూ?"

"అనుకుంటున్నాను."

"అనుకోండి. వాడినెందుకు తీసేశానో చెప్పాడా?"

వాడికి ఈ ఫోరంతో సంబంధం ఉందనే నాకు తెలియదని చెప్పాను.

"ఒకావిడకి ఇదే కష్టం వచ్చింది. ఆ వారం నేను ఆసుపత్రిలో ఉన్నాను. వాడు జవాబిచ్చాడు. వెంటనే బయటికి తీసి వేడి దీపం కింద పెట్టమని. ఎంత ధీమాగా రాశాడనుకున్నారు! డాక్టరు కూడా అలా రాయడు. తాగి ఉన్నాడని ఎవరికి తెలుస్తుంది? ఆ తాబేలు పోయింది."

నేను నేల మీద కూర్చుండిపోయాను, ఫ్రిజ్‌కి వీపు ఆనించి. "అందుకే తీసేశారా?"

"అందుకు కాదండీ. తప్పు చెప్పినవాళ్లందర్నీ తీసేస్తే నేనూ ఉండను. క్షమాపణలకి తీసేశాను. రోజూ రాసేవాడు ఆవిడకి. ఏ చర్చలో ఆవిడ కనబడితే ఆ చర్చలో. ఆకుల గురించి మాట్లాడుకుంటుంటే మధ్యలోకి వచ్చి, నన్ను క్షమించండి, నేను చంపేశాను అని. ఆవిడ మొదట పర్లేదంది. తర్వాత పర్లేదనడం మానేసింది. చివరికి ఆవిడే నన్నడిగింది, ఆయన్ని ఆపండి, నేను మర్చిపోవాలి అని. ఆపాను."

టామో నాకు ఎప్పుడూ క్షమాపణ చెప్పలేదు. నా పెళ్లి విందులో పడిపోయినప్పుడు, నా కారు గోడకు గుద్దినప్పుడు, ఒక్కసారి కూడా. వాడికి ఆ మాట రాదనుకున్నాను ఇన్నేళ్లూ. ఆ మాటలన్నీ ఎవరో తెలియని మనిషి గుమ్మంలో పోసి వచ్చాడన్నమాట.

"ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాడాయన.

"హార్జ్‌లో. చికిత్సకి వెళ్లాడు."

"ఊఁ. మంచిది. కానీ నిషేధం ఉంటుంది. వాడిదీ, మీదీ."

"నాదెందుకు? నేను వాణ్ణి కానని మీకిప్పుడు తెలుసు కదా!"

"మీకు తీస్తే అందరికీ తియ్యాలి."

"అందరూ ఎవరండీ? ఇక్కడున్నది నేనొక్కదాన్నే!"

"అందరూ అదే అంటారమ్మా. ఆదివారం చెయ్యండి. మూడు దాటాక." పెట్టేశాడు.

థర్మామీటరు ఆకుల్లో గుచ్చి, తలుపు మూశాను.

ఆ తర్వాతి రోజుల గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఏమీ చేయకపోవడమే ఆ రోజుల పని. బల్లను గోడవైపు తిప్పుకున్నాను. చప్పుడు వీపు మీద గీకినట్టుండేది. కోటు వేసుకుని హుంటె నది ఒడ్డున వానలో నడిచాను. వంతెన దాకా పోకుండానే తిరిగొచ్చేదాన్ని. మంచినీళ్ల కోసం లేస్తే కాళ్లు కిటికీ వైపు పోయేవి. ఒకసారి చెయ్యి పిడి మీద ఉండగా నన్ను నేను పట్టుకున్నాను. నేను పెట్టిన చెయ్యి కాదది. దానంతటదే పోయింది. ఆ క్షణంలో ఒక ఆలోచన వచ్చింది, ఉపశమనం ఇచ్చే ఆలోచన: ఒక్కసారి చూస్తే ఇక మళ్లీ చూడను. ఎంత నమ్మదగ్గ గొంతుతో చెప్పింది! టామో తాగుడు గురించి ఇదే మాట, ఇదే గొంతుతో, నాతో అన్నాడు. అప్పుడు నేను వాడికి ఒక నియమం చెప్పాను. వాడు విన్నట్టు తలూపాడు.

శుక్రవారం గీకుడు ఆగిపోయింది.

చప్పుడు కంటే నిశ్శబ్దం ఎక్కువ గట్టిగా ఉంటుందని ఎవరైనా రాస్తే అనువాదంలో కొట్టేసేదాన్ని. ఆ రోజు ఆ గట్టితనం చెవుల్లో పెట్టుకుని తిరిగాను. పడుకుందా? పోయిందా? రెండూ ఒకేలా వినిపిస్తాయి.

శనివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. టామో. అనుమతి దొరికిన మొదటి రోజు.

"ఏంటక్కా, ఇంకా అక్కడే ఉన్నావా? పారిపోయావనుకున్నా."

"నీ సోఫా మీద పడుకుని నా నడుం పోయిందిరా. పారిపోవడానికి కూడా నడుం కావాలి."

"ఇక్కడ రోజూ కేల్ ఆకుకూర పెడుతున్నారు. పింకెల్ లేకుండా. సాసేజ్ లేని కేల్ కూర! దీన్ని చికిత్స అంటారా?"

"తిను. ఎముకలు కనబడుతున్నాయి నీకు."

గదిలో తనతోపాటు ఉన్నవాడి గురక గురించి చెప్పాడు. చెక్కతో పక్షులు చెక్కిస్తున్నారని, తను చెక్కిన పిచ్చుక బంగాళదుంపలా వచ్చిందని చెప్పాడు. అడగాల్సింది అడగడం లేదు. మాటల చుట్టూ తిరుగుతున్నాడు. ఎవరికి ఎవరు అబద్ధం చెప్పాలో తెలియనట్టు ఇద్దరం నవ్వుతున్నాం. హాయిగా నిద్రపోతోందిరా అని ఒక్కమాట అనేస్తే అయిపోతుంది. నాలుక మీదే ఉంది.

"టామో, అది గీకింది," అన్నాను. "నాలుగైదు రోజులు. నేను తలుపు తీస్తూ పోయాను. తప్పు నాది. ఇప్పుడు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు తెలీదు."

వాడు నవ్వడం ఆపేశాడు.

"తెరిచి చూశావా?"

"లేదు. రేపు ఆదివారం. రేపే తియ్యాలి."

"ఎవరు చెప్పారు నీకు?"

"బ్రింక్‌మయర్."

"ఒట్టోకారా!" కుర్చీ నేల మీద జరిగిన చప్పుడు. "ఆయన నీతో మాట్లాడాడా? ఆ మనిషి దేవుడితో కూడా మాట్లాడడు! నిన్ను నిషేధించలేదా?"

"నిషేధించాడు. నువ్వనుకుని."

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు మధ్యలో ఎక్కడో విరిగింది. "అన్నీ చెప్పాడా?"

"చెప్పాడు."

ఎవరో పక్కన, సమయం అయిపోతోందని వాడికి చెప్తున్నారు. వాడు చేత్తో ఫోన్ మూసి వాళ్లను బతిమాలాడు. మళ్లీ వచ్చి, "అక్కా, ఫోన్ తలుపుకి ఆనించు," అన్నాడు.

ఆనించాను. నేను కూడా రెండోవైపు చెవి పెట్టాను. మోటారు సన్నగా రొద చేస్తోంది. ఇంకేమీ లేదు.

"తెరవకు," అన్నాడు.

"తెరవను."

"తెరవాలనిపిస్తోందా?"

"చాలా."

"నాక్కూడా," అన్నాడు. లైన్ పోయింది.

ఆదివారం పొద్దున్నే లేచి, ఆయన విశ్రాంతి వేళ లాంటిదేదో నాకూ ఉన్నట్టు, పది దాకా ఆగాను. తలుపు తీశాను. ఆకుల్లోని థర్మామీటరు అయిదు చూపించింది. ఒటీలియ మట్టిలోకి సగం దిగి, తల లోపలికి ముడుచుకుని ఉంది. డొప్ప చల్లగా, రాయిలా ఉంది. చూపుడువేలితో వెనక కాలు తాకాను. ఏమీ కాలేదు. వేలు అక్కడే ఉంచాను. అప్పుడు, ఎంతో దూరంనుంచి కబురు వచ్చినట్టు, చాలా నెమ్మదిగా, విసుగ్గా, ఆ కాలు లోపలికి పోయింది.

ఒక నిమిషం కాకముందే మూసేశాను. మూసిన తలుపు ముందు నిలబడి ఏడ్చాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. టామో మళ్లీ ఫోన్ చేసేది వచ్చే శనివారం. అప్పటిదాకా వాడు మోటారు చప్పుడు ఒక్కటే చెవిలో పెట్టుకుని, సాసేజ్ లేని కేల్ కూర ముందు కూర్చుని ఉంటాడు. అలా కూర్చున్న టామో ఏం చేస్తాడో నాకు తెలుసు.

కేంద్రానికి ఫోన్ చేశాను. స్టైన్‌హోఫ్ అనే ఆవిడ తీసింది. చేతిలో కప్పు ఉన్నట్టుంది, చెంచా తిప్పుతోంది.

"మొదటి దశలో ఉన్నవాళ్లకి కబుర్లు అందించమండీ. శనివారం ఆయనే చేస్తారు."

"తెలుసండీ. ఒక్క మాట చాలు."

"కుటుంబంలో మరణమా?"

"కాదు. దానికి వ్యతిరేకం."

చెంచా ఆగింది. "అంటే?"

"కాలు లాక్కుంది అని చెప్పండి. వాడికి అర్థమవుతుంది."

"ఎవరి కాలండీ?"

"తాబేలుది."

"అమ్మా, చూడండి, ఇక్కడ ఎనభై మంది ఉన్నారు. అందరి ఇళ్లలోనూ ఏదో ఒకటి ఉంటుంది. ఒకరికి చెప్తే..."

"అందరికీ చెప్పాలి. తెలుసు," అన్నాను. ఇంక వాదించడానికి నాలో ఏమీ మిగల్లేదు. ఫోన్ పెట్టలేదు కూడా. పెట్టమని ఆవిడా అనలేదు. అవతల ఎక్కడో తలుపు మూసుకుంది, ఎవరో మెట్లు దిగి పోయారు.

"ఏ కాలు?" అంది స్టైన్‌హోఫ్ గొంతు తగ్గించి.

"వెనకది," అన్నాను. "ఎడమది."